పీడన మందిరంలో శస్త్రచికిత్స

ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఆచార్య బోయర్మా అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. 1960లో ఆయనా, ఆయన సహచరులూ ఒక వ్యాసం ప్రకటించినారు. దాని పేరుకు తెలుగులో 'రక్తం లేని జీవనం' అని అర్థం. పందిపిల్లల శరీరం నుండి రక్తాన్ని క్రమంగా తీసివేస్తూ, దాని స్థానంలో ఎర్రకణాలు లేని ద్రవాన్ని ఎక్కించినారు. ఎర్రకణాలు దాదాపు ఏమీ మిగలలేదు. మామూలు గదిలోనైతే ఆ జంతువులు నిమిషాలలో చనిపోవలసినవే. కాని చనిపోలేదు. గుండె కొట్టుకొంటూనే ఉన్నది. తరువాత వాటి రక్తాన్ని తిరిగి ఎక్కించగా అవి కోలుకొన్నవి.

ఈ ప్రయోగం మామూలు గదిలో కాక ఒక ఉక్కు గదిలో జరిగినది. అందులోని గాలి పీడనం బయటి వాతావరణానికి మూడు రెట్లు. జంతువులు పీల్చినది శుద్ధమైన ఆమ్లజని. ఇందులోని రహస్యాన్ని గోళీసోడా తాగిన ప్రతి విద్యార్థీ కళ్లారా చూచినదే. సీసా మూసి ఉన్నంతసేపు అందులోని వాయువు పీడనానికి లొంగి నీటిలో కరిగి ఉంటుంది. గోళీని లోనికి నొక్కగానే పీడనం తగ్గుతుంది, వాయువు బుడగలై పొంగుతుంది. ద్రవంలో కరిగే వాయువు దాని పీడనాన్ని బట్టి ఉంటుందని ఇంగ్లండులో విలియం హెన్రీ 1803లో నిర్ణయించినాడు.

రక్తం విషయంలోనూ ఇదే లెక్క. మామూలుగా 100 ఘన సెంటీమీటర్ల రక్తం సుమారు 20 ఘన సెంటీమీటర్ల ఆమ్లజనిని మోస్తుంది. దాదాపు అదంతా ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకొని పోయేదే. రక్తంలోని ద్రవభాగంలో కరిగి ఉండేది 0.3 మాత్రమే. శుద్ధమైన ఆమ్లజనిని పీల్చితే అది సుమారు 2 అవుతుంది. మూడు వాతావరణాల పీడనంలో పీల్చితే 6 వరకు పోతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరం ప్రతి 100 ఘన సెంటీమీటర్ల రక్తం నుండి తీసుకొనేది సుమారు 5. అంటే కరిగిన ఆమ్లజనితోనే అవసరం తీరిపోతుంది, హిమోగ్లోబిన్‌తో పని లేదు. కాగితం మీద ఈ లెక్క ఎవరైనా వేయవచ్చును. ప్రాణమున్న జంతువు దానికి ఒప్పుకొంటుందా అన్నదే ప్రశ్న. బోయర్మా దానికి జవాబు తెచ్చినాడు.

శస్త్రవైద్యులు పీడనమందిరంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి కాదు. అంతకు ఎనభై ఏండ్లకు పూర్వమే ఫ్రాన్సులో ఆ పని జరిగినది, కారణం మాత్రం వేరు. ఆ రోజులలో మత్తుకు నైట్రస్ ఆక్సైడ్ వాడేవారు. దానితో గాఢమైన మత్తు రావాలంటే దాదాపు అదొక్కటే పీల్చాలి. అట్లా పీల్చితే ఆమ్లజనికి చోటు ఉండదు, రోగి నీలబడిపోతాడు. దీనికి పాల్ బేర్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు చక్కని ఉపాయం చెప్పినాడు. గదిలోని పీడనాన్ని 1.2 వాతావరణాలకు పెంచి, ఆరింట ఐదు పాళ్లు నైట్రస్ ఆక్సైడ్, ఒక పాలు ఆమ్లజని ఉన్న మిశ్రమాన్ని ఇచ్చినామనుకొందాం. అప్పుడు నైట్రస్ ఆక్సైడ్ పీడనం సరిగా ఒక వాతావరణం అవుతుంది. ఆమ్లజని పీడనం మనం పీల్చే గాలిలో ఉన్నంతే ఉంటుంది. మత్తుకు మత్తు, ప్రాణానికి ప్రాణం. 1879లో ఫాంటేన్ అనే వైద్యుడు ఈ సూత్రం మీద ఒక చోటి నుండి మరొక చోటికి తీసుకొనిపోగల శస్త్రచికిత్స గదిని కట్టించినాడు. అందులో ఇరవైకి పైగా శస్త్రచికిత్సలు జరిగినవి.

ఇదే పాల్ బేర్ మరొక సంగతి కూడ కనిపెట్టినాడు. అధిక పీడనంలో ఆమ్లజని విషంవలె పనిచేస్తుంది, మూర్ఛలు తెప్పిస్తుంది. 1878లో ఆయన ప్రకటించిన గ్రంథంలో ఇది ఉన్నది. బోయర్మా మూడు వాతావరణాల వద్ద ఆగిపోవడానికి కారణం ఇదే. ప్రాణవాయువు అని మనం ముద్దుగా పిలుచుకొనే దానికి కూడ మోతాదు ఉన్నదన్నమాట.

ఈ రెండు కాలాల మధ్య అమెరికాలో ఒక వింత నడిచినది. కన్నింగ్‌హామ్ అనే వైద్యుడు సంపీడిత వాయువుతో మధుమేహం, రక్తపు పోటు, కాన్సర్ మొదలైన వాటికి చికిత్స చేస్తానన్నాడు. 1928లో ఒక ధనికుని సహాయంతో క్లీవ్‌లండ్‌లో 64 అడుగుల వ్యాసం గల ఉక్కుగోళం లేచినది. అంతస్తులు, పడకగదులు, అన్నీ అందులోనే. ఇది పనిచేస్తుందనడానికి ఆధారమేది అని అక్కడి వైద్యసంఘం అడిగినది. ఆయన చూపలేకపోయినాడు. గోళం కొద్ది సంవత్సరాలలోనే మూతపడి, 1942లో యుద్ధానికి పాత ఇనుము క్రింద పోయినది. ఆ తరువాత చాలాకాలం పీడనమందిరం పేరెత్తితే వైద్యులు నవ్వేవారు.

అటువంటి పేరు పడిన పద్ధతిని బోయర్మా మళ్లీ చేపట్టడానికి ఒక గట్టి అవసరం ఉన్నది. గుండె లోపల శస్త్రచికిత్స చేయాలంటే రక్తప్రసారాన్ని కాసేపు ఆపాలి. మెదడు ఆమ్లజని లేకుండ మూడు నాలుగు నిమిషాలకు మించి ఓర్చుకోలేదు. శరీరాన్ని చల్లబరచితే ఆ గడువు రెండింతలో, ఇంకొంచెమో అవుతుంది. 1952లో అమెరికాలోని మినియాపొలిస్‌లో ఈ విధంగానే గుండెలోని రంధ్రాన్ని మూసినారు. శస్త్రవైద్యునికి అయినా అది చాలదు. గడియారాన్ని చూస్తూ గుండెను కుట్టడం ఎటువంటిదో ఊహించుకోవచ్చును. ప్రసారం ఆపేముందు శరీరాన్నంతా ఆమ్లజనితో నింపి ఉంచితే గడువు ఇంకా పెరగాలి గదా అన్నది బోయర్మా తర్కం. దీనిని ఆయన మొదట డచ్చి నౌకాదళం వారి పీడనగదిలో పరీక్షించినాడు. అనుకూలమైన ఫలితాలు రాగా, ఆమ్‌స్టర్‌డామ్‌లోని విల్హెల్మినా ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు సరిపడే పెద్ద మందిరం వెలసినది.

ఆ మందిరంలో పని తేలిక కాదు. రోగి ఆమ్లజనిని పీల్చుతాడు. వైద్యులూ, నర్సులూ సంపీడిత వాయువును పీల్చుతారు. వారి శరీరాలలో నత్రజని కరుగుతుంది. పని ముగియగానే తలుపు తెరచి బయటికి రావడానికి వీలులేదు. వస్తే మూత తీసిన సోడాసీసా గతే: సముద్రం అడుగున పనిచేసే గజ ఈతగాండ్లకు వచ్చే కీళ్లనొప్పులు, పక్షవాతం వీరికీ వస్తవి. పీడనాన్ని మెల్లమెల్లగా దించుతుంటే లోపలే వేచి ఉండాలి. ఆమ్లజని ఎక్కువైన చోట చిన్న నిప్పురవ్వ కూడ పెద్ద మంటగా మారుతుంది.

అయినా కొంతకాలం ఆశ బలంగానే ఉన్నది. గ్లాస్గోలో, బోస్టన్‌లో కూడ మందిరాలు ఏర్పడినవి. నీలిశిశువులు అనబడే, పుట్టుకతో గుండెలోపం గల పసిపిల్లలకు వాటిలో శస్త్రచికిత్సలు చేసినారు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి నెలలు నిండకుండ పుట్టిన కుమారుణ్ణి, ఊపిరితిత్తులు సరిగా విప్పారక, బోస్టన్ మందిరంలోనే ఉంచినారు. రెండు దినాలైనా బ్రతకలేదు.

హృదయ శస్త్రచికిత్సలో ఈ పద్ధతిని ఓడించినది మరొక యంత్రం. 1953 మేలో ఫిలడెల్ఫియాలో గిబ్బన్ అనే వైద్యుడు గుండె పనినీ ఊపిరితిత్తుల పనినీ శరీరం వెలుపల జరిపే యంత్రాన్ని ఒక యువతికి విజయవంతంగా వాడినాడు. అది మెరుగుపడిన కొద్దీ శస్త్రవైద్యునికి నిమిషాలు కాదు, గంటలే దొరికినవి. ఉక్కుగదిలో దూరవలసిన అవసరం తీరిపోయినది. బోయర్మా తర్కంలో తప్పు లేదు. ఆయన ప్రశ్నకు అంతకంటె తేలికైన జవాబు పక్క వాకిట్లోనే పెరుగుతున్నది, అంతే.

మందిరం మాత్రం మూతపడలేదు. 1961లో బోయర్మా సహచరుడు బ్రుమ్మెల్‌కాంప్, ఆయనతో కలిసి, గ్యాస్ గాంగ్రిన్ రోగులను గురించి ప్రకటించినాడు. యుద్ధాలలో కాళ్లూ చేతులూ, ప్రాణాలూ తీసిన రోగం అది. దానికి కారణమైన సూక్ష్మజీవులు ఆమ్లజని లేనిచోటనే పెరుగుతవి, అక్కడే విషం తయారుచేస్తవి. మూడు వాతావరణాల వద్ద ఆమ్లజనిని పీల్పిస్తే కండరంలోకి అది చేరి, విషం పుట్టడం ఆగిపోతుంది. రోగి కొంత తేరుకొంటాడు. చచ్చిన కండకూ, బ్రతికిన కండకూ నడుమ హద్దు స్పష్టమవుతుంది. అప్పుడు శస్త్రవైద్యుడు చచ్చినదానినే కోసివేయవచ్చును, అవయవమంతటినీ తీయనక్కరలేదు. ముందు కోయాలా, ముందు ఆమ్లజని ఇవ్వాలా అన్న తగాదా వైద్యులలో చాలాకాలం నడిచినది. శస్త్రచికిత్సా, సూక్ష్మజీవినాశక ఔషధాలూ తప్పవనీ, పీడనచికిత్స వాటికి తోడేననీ నేడు వైద్యులు భావిస్తారు.

శస్త్రచికిత్సకు ముందే శరీరాన్ని సిద్ధం చేయడమన్న ఆలోచన దవడ ఎముక విషయంలో మరింత ముందుకు పోయినది. నోటి కాన్సర్‌కు కిరణచికిత్స పొందిన దవడలో సన్నని రక్తనాళాలు క్రమంగా మూసుకొనిపోతవి. అటువంటి చోట పన్ను పీకితే గాయం మానక, ఎముక చచ్చిపోయే ప్రమాదం కలదు. అమెరికాలో మార్క్స్ అనే దవడ శస్త్రవైద్యుడు పన్ను పీకడానికి ముందు 20 పర్యాయాలు, తరువాత 10 పర్యాయాలు పీడనమందిరంలో ఆమ్లజనిని పీల్పించినాడు. ఇది ఆ సమయానికి ఊపిరి అందించడం మాత్రమే కాదు. ఆమ్లజని అందిన అంచు నుండి కొత్త కేశనాళికలు వారాల తరబడి లోపలికి పెరుగుతవని ఆయన వాదన. 1985లో ఆయన ప్రకటించిన పరీక్షలో, పెనిసిలిన్ మాత్రమే ఇచ్చిన 37 మందిలో 11 మందికి ఎముక చెడినది. పీడనచికిత్స పొందిన 37 మందిలో ఇద్దరికే చెడినది. ఈ తేడాను చూచి పలు దేశాల వైద్యులు ఆ పద్ధతిని చేపట్టినారు.

క్లీవ్‌లండ్ గోళాన్ని అడిగిన ప్రశ్ననే దీనినీ అడగవలసి వచ్చినది. 144 మంది రోగులను చీటీ వేసినట్లు రెండు జట్లుగా విభజించి మళ్లీ పరీక్షించినారు. ఆ ఫలితాలు 2019లో వెలువడినవి. చికిత్స పొందిన జట్టులోనూ పొందని జట్టులోనూ ఆరు నెలలకు దవడ చెడినవారు నూటికి సుమారు ఆరుగురే. మార్క్స్ నాటికీ నేటికీ కిరణచికిత్సా పద్ధతులు మారినవి. అందుచేత ఆయన చూచిన రోగులూ వీరూ ఒకటి కాకపోవచ్చును. ఏమైనా, పన్ను పీకబోయే ప్రతి రోగినీ ముప్పది పర్యాయాలు మందిరంలోకి పంపడం అవసరమని చెప్పడం ఇప్పుడు కష్టం. రక్తం సరిగా అందక నల్లబడుతున్న చర్మపు అతుకును నిలబెట్టడానికి, గ్యాస్ గాంగ్రిన్‌కు, మానని కొన్ని మధుమేహపు పుండ్లకు మాత్రం ఆసుపత్రులలో ఆ తలుపు ఇంకా తెరుచుకొంటూనే ఉన్నది.