సఖా ప్రజల నగర వలస - కుటుంబ సంబంధాలు

సఖా ప్రజలు (యాకుట్లు) రష్యా ఈశాన్య భాగంలోని సఖా గణతంత్రంలో (యాకూతియా) నివసించే టర్కిక్ భాషా కుటుంబానికి చెందిన జాతి. 2010 జనాభా లెక్కల ప్రకారం రష్యాలో వీరి సంఖ్య 4,78,085. పశువుల, గుర్రాల పెంపకం వీరి సాంప్రదాయిక వృత్తి. 1990వ దశకం నుండి వీరిలో అనేకులు పల్లెలు విడిచి రాజధాని యాకుట్స్క్ నగరానికి తరలివచ్చారు. ఈ వలస వలన బంధుత్వాలు తెగిపోలేదు కాని వాటి ఆధారం మారినది. పూర్వం తండ్రి వంశము, పచ్చిక భూమి బంధువులను కలిపి ఉంచేవి. తరువాతి కాలంలో పల్లెలోని ఇంటికీ నగరంలోని ఇంటికీ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోలు ఆ స్థానాన్ని పొందినది.

సాంప్రదాయిక కుటుంబం

లేనా నది, దాని ఉపనది విల్యుయ్ ప్రాంతాలలో భూమి అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే పొర ఉన్నది. ఆ పొరలోని మంచు కరిగి నేల కుంగిన చోట ఏర్పడే పచ్చిక బయళ్ళను అలాస్ అంటారు. ఒక్కొక్క అలాస్‌లో దొరికే గడ్డి పరిమితం కనుక కొద్ది కుటుంబాలు మాత్రమే అక్కడ నివసించేవి. చలికాలానికి, వేసవికి వేర్వేరు నివాసాలు ఉండేవి.

తండ్రి వైపు వంశాన్ని అగా ఊసా అని, తల్లి వైపు వంశాన్ని ఇయె ఊసా అని అంటారు. అగా ఊసాలో వివాహం నిషిద్ధం. తల్లిదండ్రుల ఇల్లు సాధారణంగా చిన్న కుమారునికి దక్కేది, వారి పోషణ బాధ్యత కూడా అతనిదే. తెలుగులో వలెనే సఖా భాషలో కూడా అన్నకు, తమ్మునికి వేర్వేరు పదాలున్నాయి. అన్నను ఉబాయ్ అని, అక్కను ఎజియ్ అని పిలుస్తారు. బంధువులు కాని పెద్దవారిని కూడా ఈ పదాలతోనే గౌరవిస్తారు. పోలండ్ జాతీయుడైన వాక్లావ్ సియెరోషెవ్‌స్కీ ఇక్కడ ప్రవాస శిక్ష అనుభవించి, 1896లో ప్రచురించిన తన గ్రంథంలో నాటి సఖా జీవితాన్ని వివరంగా వర్ణించాడు.

సోవియట్ కాలం

1929 తరువాత సమిష్టి వ్యవసాయ క్షేత్రాలు ఏర్పడినాయి. తరువాతి దశాబ్దాలలో అలాస్‌లపై చెదిరి ఉన్న కుటుంబాలను పెద్ద గ్రామాలకు తరలించారు. దీనితో వంశానికి, భూమికి ఉన్న సంబంధం మొదటిసారిగా సడలినది. 1955లో మీర్ వజ్రపు గని బయటపడిన పిదప గనుల పట్టణాలకు రష్యా ఇతర ప్రాంతాల నుండి కార్మికులు వచ్చారు. 1926లో గణతంత్ర జనాభాలో 80 శాతానికి పైగా ఉన్న సఖాలు 1989 నాటికి 33 శాతానికి తగ్గారు. 1956లో యాకుట్స్క్‌లో విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత చదువు కొరకు నగరానికి వచ్చే పల్లె యువత పెరిగినది.

1991 తరువాత వలస

సోవియట్ యూనియన్ పతనంతో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలు రద్దయి, పల్లెలలో జీతపు ఉద్యోగాలు కరువైనాయి. అదే సమయంలో గనుల పట్టణాల నుండి అనేక మంది వలస కార్మికులు వెళ్ళిపోయారు. యాకుట్స్క్ మాత్రం పెరిగినది. 1989లో సుమారు 1.87 లక్షలు ఉన్న నగర జనాభా 2010లో 2.69 లక్షలకు, 2021లో 3.55 లక్షలకు చేరినది. ఈ పెరుగుదలలో పల్లెల నుండి వచ్చిన సఖాలది పెద్ద పాలు. వీరిలో కొందరు అపార్ట్‌మెంట్లలోను, మరికొందరు నగరపు అంచున కట్టుకున్న కలప ఇళ్ళలోను స్థిరపడ్డారు.

పల్లె, నగరాల మధ్య ఇచ్చిపుచ్చుకోలు

అమెరికా మానవ శాస్త్రవేత్త సూసన్ క్రేట్ విల్యుయ్ ప్రాంతపు గ్రామాలలో పరిశోధించి 2006లో ఒక గ్రంథం ప్రచురించింది. 1991 తరువాత ప్రజలు నిలదొక్కుకున్న విధానానికి ఆమె "ఆవులు, బంధువులు" అని అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆవులున్న ఇల్లు పాలు, వెన్న, మాంసం బంధువులకు పంచుతుంది. బదులుగా వారు జూలై నెలలో గడ్డి కోతకు సాయపడతారు, లేదా డబ్బు ఇస్తారు.

నగరంలో ఉన్నవారు కూడా ఈ వలయంలో భాగమే. శీతాకాలపు ఆరంభంలో పశువులను కోసినప్పుడు మాంసం గడ్డకట్టిన స్థితిలోనే నగరానికి చేరుతుంది. పల్లె నుండి చదువుకు వచ్చిన పిల్లలకు, వైద్యానికి వచ్చిన వృద్ధులకు నగర బంధువుల ఇల్లే వసతి. అయితే రాకపోకలు సులభం కావు. 2020వ దశకం మధ్య నాటికి కూడా యాకుట్స్క్ వద్ద లేనా నదిపై వంతెన పూర్తి కాలేదు. వేసవిలో పడవలు, చలికాలంలో మంచుపై దారి ఉంటాయి. వసంతంలో మంచు విరిగేటప్పుడు, శరత్తులో నీరు గడ్డకట్టేటప్పుడు ఆవలి ఒడ్డున ఉన్నవారితో రోడ్డు సంబంధం కొన్ని వారాలు నిలిచిపోతుంది.

మార్పులు, సమస్యలు

నగరంలో తల్లిదండ్రులు, పిల్లలు మాత్రమే ఉండే చిన్న కుటుంబం సాధారణమైనది. తండ్రి వైపువారా, తల్లి వైపువారా అన్న భేదం కన్నా ఎవరు దగ్గరగా ఉన్నారు, ఎవరు ఆదుకుంటారు అన్నది ముఖ్యమైనది. చిన్న కుమారుడు కూడా నగరానికి వెళ్ళిన చోట వృద్ధుల పోషణ, పశువుల సంరక్షణ ప్రశ్నార్థకమైనాయి. 1992 రాజ్యాంగం రష్యన్‌తో పాటు సఖాను అధికార భాషగా గుర్తించినప్పటికీ నగరపు పిల్లల వాడుకలో రష్యన్ బలంగా ఉన్నది. సెలవులకు పల్లెలోని అవ్వాతాతల వద్దకు వెళ్ళడం వీరికి మాతృభాషతో సంబంధం నిలిపే మార్గాలలో ఒకటి.

1990వ దశకం నుండి గణతంత్రంలో ఆవుల సంఖ్య బాగా తగ్గినది. ఇచ్చిపుచ్చుకోలుకు ఆవే మూలం కావడం వలన పశుపోషణ మానిన ఇంట పంచుకోవడానికి మిగిలేది తక్కువ. పశువులపై ఆధారపడని కలయికలు కూడా ఉన్నాయి. జూన్‌లో జరిగే ఇసియాఖ్ వేసవి పండుగకు నగరవాసులు, పల్లెవారు ఒకచోట చేరుతారు. వంశవృక్షాలు సేకరించి పుస్తకాలుగా ప్రచురించే కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇవి బంధువులను ఒకరికొకరు తెలిసేలా చేస్తాయి. నిత్యావసరాలలో ఒకరిపై ఒకరు ఆధారపడే పాత బంధాన్ని ఇవి ఎంతవరకు భర్తీ చేయగలవన్నది పల్లెలో పశువులను పోషించేవారు మిగలడంపై ఆధారపడి ఉన్నది.