లోపల విరిగిపోయిన బోల్టు ముక్కను తీయడం ఎలా?

మూసీ కాలువలకు నీళ్లు వదిలాక కేతేపల్లి చుట్టుపక్కల దమ్ము పనులు అందరికీ ఒకేసారి మీద పడతాయి. సరిగ్గా అప్పుడే రోటవేటర్ గేర్‌బాక్సు మూత బోల్టు విరిగి, తల పానాతోపాటు చేతికి వస్తుంది. మిగతా ముక్క లోపలే ఉండిపోతుంది. పోయింది కొద్ది రూపాయల బోల్టే. కానీ తొందరపడి ఉలితో బాదితే బీడు భాగం పగులుతుంది, అసలు నష్టం అదే.

ముందుగా ఇంజన్ ఆపి, తాళం తీసి, రోటవేటర్‌ను పూర్తిగా నేలకు దించండి. హైడ్రాలిక్ మీద వేలాడుతున్న పనిముట్టు కింద చేయి పెట్టవద్దు. కంటికి అద్దాలు తప్పనిసరి.

తుప్పును తీగ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. అది దొరకకపోతే కిరోసిన్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి పోయవచ్చు. పెట్రోలు వాడవద్దు. ముక్క మీద సుత్తెతో మెల్లగా తడుతూ రాత్రంతా నాననివ్వండి. ఒక రాత్రి ఆగితే చాలాసార్లు డ్రిల్లింగ్ పనే తప్పుతుంది.

ముక్క పైకి కనిపిస్తుంటే గ్రిప్ ప్లయర్‌తో గట్టిగా పట్టి ఎడమకు తిప్పండి. బిగుసుకుంటే కొంచెం వెనక్కి తిప్పి, నూనె వేసి, మళ్లీ ఎడమకు తిప్పాలి. పట్టు దొరకకపోతే ముక్క మీద నట్టు పెట్టి, నట్టు లోపలి నుంచి వెల్డింగ్ చేయించండి. ఆ వేడికే తుప్పు పట్టు వదులుతుంది. ఎరుపు తగ్గాక పానాతో తిప్పాలి. వెల్డింగ్‌కు ముందు ట్రాక్టర్ బ్యాటరీ వైర్లు తీసేయండి. పక్కన ఆయిల్ సీలు ఉంటే అది కాలే ప్రమాదం ఉంది, చూసుకోండి.

ముక్క లోపలికి ఉంటే డ్రిల్ వేయక తప్పదు. సెంటర్ పంచ్‌తో సరిగ్గా నడుమ గుర్తు కొట్టండి. గుర్తు పక్కకు పోతే డ్రిల్ మరలను తినేస్తుంది. మొదట 3 మి.మీ. బిట్‌తో, తక్కువ వేగంతో, నూనె వేస్తూ రంధ్రం చేయాలి. తర్వాత దాన్ని పెద్దది చేసి, బోల్టు తీసే ఎక్స్‌ట్రాక్టర్‌ను దించి ఎడమకు తిప్పాలి. బలవంతం వద్దు. ఎక్స్‌ట్రాక్టర్ గట్టి ఉక్కు కాబట్టి అది లోపల విరిగితే మామూలు డ్రిల్ దిగదు.

అప్పటికీ రాకపోతే రంధ్రాన్ని పెంచి కొత్తగా ట్యాప్ వేయాలి. మామూలు మర ఉన్న 8 మి.మీ. బోల్టుకు 6.8, 10 మి.మీ.కు 8.5, 12 మి.మీ.కు 10.2 మి.మీ. బిట్ సరిపోతుంది. సన్న మర అయితే ఈ లెక్క మారుతుంది. ఈ పని చేతి డ్రిల్‌తో కన్నా నకిరేకల్ లేదా సూర్యాపేటలో లేత్ షాపులో చేయించడమే మేలు. ఇనుప రజను గేర్‌బాక్సులో పడితే ఆయిల్ తీసి కడిగి, కొత్తది పోయాలి.

విరిగిన చోటును ఒకసారి చూడండి. కొంత భాగం తుప్పుతో నల్లగా, మిగతాది మెరుస్తూ ఉంటే పగులు ముందునుంచే ఉందన్నమాట. పక్క బోల్టులనూ పరిశీలించాలి. కొత్త బోల్టు పాతదాని గ్రేడులోనే ఉండాలి, తల మీద 8.8 లాంటి అంకె చూసి కొనండి. పీటీఓ షాఫ్ట్‌లో విరగడానికే పెట్టిన బోల్టు స్థానంలో మాత్రం గట్టిది వేయవద్దు. వేస్తే ఈసారి గేర్లు విరుగుతాయి.

బిగించాక గంటసేపు నడిపి, ఇంజన్ ఆపి, మళ్లీ పానా వేసి చూడండి. నూనె చెమ్మ కనిపిస్తే ప్యాకింగ్ మార్చాలి.