బొమ్మా? బొరుసా? పెనాల్టీయా?

బిళ్ల బురదలో నిలువునా దిగబడింది.

1965 మార్చి 24 రాత్రి. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్‌లో ఫెయెనూర్ద్ క్లబ్ స్టేడియం. మైదానం మధ్యలో బెల్జియం రిఫరీ రాబర్ట్ షాట్, ఆయన చుట్టూ మోకాళ్ల దాకా బురదైన ఆటగాళ్లు. ఆయన చేతిలోది ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు తెలుపు ఉన్న గుండ్రటి బిళ్ల. యూరోపియన్ కప్ క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ జట్టు లివర్‌పూల్ గెలిచిందా, జర్మనీ జట్టు కొలోన్ గెలిచిందా చెప్పాల్సింది ఆ బిళ్లే. గాల్లోకి ఎగరేస్తే అది వెల్లకిలా పడలేదు, బోర్లా పడలేదు. మెత్తటి నేలలో అంచు మీద నిలబడిపోయింది. లివర్‌పూల్ కెప్టెన్ రాన్ యేట్స్ ఆ తర్వాత జీవితమంతా చెప్పుకున్న కథ ఇది. మళ్లీ ఎగరేయండి అని తనే రిఫరీని అడిగాడట. రెండోసారి ఎరుపు పడింది. యేట్స్ కోరుకున్నది ఎరుపే.

ఆ బిళ్ల దాకా రావడానికి రెండు జట్లూ 300 నిమిషాలు ఆడాయి. కొలోన్‌లో 0-0. లివర్‌పూల్‌లో మంచు వల్ల ఒకసారి మ్యాచ్ వాయిదా పడి, ఆడినప్పుడు మళ్లీ 0-0. ఎవరి సొంతూరూ కాని రాటర్‌డ్యామ్‌లో మూడో మ్యాచ్ పెడితే లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలోకి వెళ్లింది, కొలోన్ రెండూ తిరిగి కొట్టింది. అదనపు సమయం ఆడినా 2-2 మారలేదు. ఆ మ్యాచ్‌లో కొలోన్ డిఫెండర్ వోల్ఫ్‌గాంగ్ వెబర్‌కు కాలి ఎముక విరిగింది. గాయపడ్డవాడి బదులు ఇంకొకణ్ని దించే సబ్‌స్టిట్యూట్ పద్ధతి అప్పటికి లేదు. తను బయటికెళ్తే జట్టు పది మందే. విరిగిన కాలితోనే చివరి దాకా నిలబడ్డాడు. అతని జట్టును ఇంటికి పంపింది మాత్రం ప్రత్యర్థి కాలు కాదు, రిఫరీ బొటనవేలు.

లీగ్ పద్ధతిలో ఈ బాధ లేదు. సమానమైతే చెరో పాయింటు పంచుకుని ఎవరింటికి వాళ్లు పోతారు. నాకౌట్‌లో పంపకం కుదరదు, ఒకరు పోవాల్సిందే. మన దేశంలో ఒకప్పుడు దీనికి పెద్దమనుషుల పరిష్కారం ఉండేది. 1960 డ్యూరాండ్ కప్ ఫైనల్ తేలకపోతే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఇద్దరినీ విజేతలుగా ప్రకటించేశారు. కప్పు ఒకటే అయినా గౌరవం ఇద్దరిదీ. ఫైనల్ కాబట్టి అది చెల్లింది. క్వార్టర్ ఫైనల్లో ఇద్దరినీ ముందుకు పంపితే సెమీస్‌లో ఐదు జట్లు తేలతాయి.

యూరప్ క్లబ్ ఫుట్‌బాల్ ఈ చిక్కుముడిని దాదాపు 70 ఏళ్లుగా విప్పుతూనే ఉంది. విప్పిన ప్రతిచోటా ఒక హంగరీ క్లబ్ పేరు తగులుతుంది: బుడాపెస్ట్ శివారు కిష్పెష్ట్‌కు చెందిన హోన్‌వేద్.

అసలు ఈ టోర్నీ పుట్టిందే ఆ జట్టు ఓడిన ఒక రాత్రి పుణ్యాన. 1954 డిసెంబర్ 13న హోన్‌వేద్ ఇంగ్లండ్ వెళ్లి వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్‌తో ఫ్లడ్‌లైట్ల కింద స్నేహపూర్వక మ్యాచ్ ఆడింది. హోన్‌వేద్ అంటే అప్పట్లో మాటలు కాదు. సైన్యం క్లబ్, అందులో పుష్కాష్, కోచిష్, బోజిక్, చిబోర్ లాంటి వాళ్లు. సగం ఆటకే 2-0. కానీ వుల్వర్‌హాంప్టన్ మేనేజర్ స్టాన్ కల్లిస్ మ్యాచ్‌కు ముందే మైదానాన్ని నీళ్లతో బాగా తడిపించి ఉంచాడు. రెండో సగంలో హంగరీ వాళ్ల చిన్న చిన్న పాసులు బురదలో ఇరుక్కుపోయాయి. వుల్వర్‌హాంప్టన్ 3-2తో గెలిచింది. కల్లిస్ తన జట్టే ప్రపంచ విజేత అన్నాడు, లండన్ పత్రికలు దానికి వంత పాడాయి.

పారిస్‌లో లెకిప్ క్రీడా పత్రిక సంపాదకుడు గాబ్రియేల్ హానోకు ఇది నచ్చలేదు. సొంతూళ్లో, తడిపిన మైదానంలో, ఒక్క మ్యాచ్ గెలిచి జగజ్జేతలమంటే ఎలా? మాస్కో వెళ్లి ఆడండి, బుడాపెస్ట్ వెళ్లి ఆడండి, అప్పుడు మాట్లాడదాం అని రాశాడు. ఊరికే రాసి ఊరుకోలేదు. ఆ పత్రికే పూనుకుని 1955లో 16 జట్లతో యూరోపియన్ కప్‌కు రూపమిచ్చింది. ఇవాళ్టి చాంపియన్స్ లీగ్ దాని కొనసాగింపే. ప్రతి పోటీలో మీ ఊళ్లో ఒకటి, మా ఊళ్లో ఒకటి, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క అనే పద్ధతి హానో అభ్యంతరానికి సరిగ్గా సరిపోయే జవాబు. రెండూ కలిపినా సమానమైతే? తటస్థ వేదికలో మూడో మ్యాచ్. అదీ తేలకపోతే నాణెం.

మరుసటి ఏడాది హోన్‌వేద్ ఈ టోర్నీలోకి వచ్చింది. తొలి ప్రత్యర్థి స్పెయిన్ జట్టు అథ్లెటిక్ బిల్‌బావ్. 1956 నవంబర్ 4న హంగరీ తిరుగుబాటును అణచడానికి సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి దిగినప్పుడు ఆటగాళ్లు దేశం బయట ఉన్నారు. నవంబర్ 22న బిల్‌బావ్‌లో 2-3తో ఓడారు. రెండో మ్యాచ్ సొంతగడ్డ మీద జరగాలి, కానీ ఆ గడ్డ మీద ఆడే పరిస్థితి లేదు. డిసెంబర్ 20న బ్రసెల్స్‌లో ఆడారు. గోల్‌కీపర్ గాయపడితే వింగర్ చిబోర్ వెళ్లి గోల్‌లో నిలబడ్డాడు. 3-3. మొత్తం మీద ఒక్క గోల్ తేడాతో హోన్‌వేద్ ఇంటికి. వెళ్లడానికి ఇల్లెక్కడ అన్నది వేరే ప్రశ్న. పుష్కాష్, కోచిష్, చిబోర్ అప్పుడు తిరిగి వెళ్లలేదు. పుష్కాష్ తర్వాత రియల్ మాడ్రిడ్‌కు ఆడి, 1960 యూరోపియన్ కప్ ఫైనల్లో ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు.

ఆ రోజుల్లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జరిగాయి. ఫుట్‌బాల్ తొలి రౌండ్‌లో భారత్ ఆడాల్సింది హంగరీతోనే. హంగరీ జట్టు బరిలోకి దిగలేదు, మనకు వాకోవర్ దొరికింది. డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి మనవాళ్లు సెమీస్ చేరారు. ఆ జట్టు కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు. హంగరీ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరికి వారే ఊహించుకోవాలి.

ఇక లెక్కల గొడవ. మూడో మ్యాచ్ అంటే మరో ప్రయాణం, మరో మైదానం, నిండిపోయిన క్యాలెండర్‌లో మరో తేదీ. నా దృష్టిలో ఇప్పటిదాకా దొరికిన పరిష్కారాల్లో న్యాయమైనది అదే. కానీ న్యాయానికి తీరిక ఉండాలి, క్లబ్బులకు లేదు. అందుకని 1965-66 సీజన్‌లో, యూరప్‌లోనే మరో టోర్నీ అయిన కప్ విన్నర్స్ కప్‌లో కొత్త సూత్రం తెచ్చారు. మొత్తం గోల్స్ సమానమైతే పరాయి గడ్డ మీద ఎక్కువ కొట్టినవాడు గెలిచినట్టు. అదే ‘అవే గోల్స్’ నిబంధన. దాని ఆసరాతో గట్టెక్కిన మొదటి జట్టు ఏదంటే, హోన్‌వేద్! ప్రాగ్‌లో డుక్లా మీద 3-2తో నెగ్గి, సొంతూళ్లో 1-2తో ఓడి, 4-4 దగ్గర ఆగి, పరాయి గోల్స్ పుణ్యాన ముందుకు పోయింది.

రెండేళ్లకు యూరోపియన్ కప్‌లోకీ ఆ నిబంధన వచ్చింది. మొదటి దెబ్బ ఉత్తర ఐర్లండ్‌లోని చిన్న క్లబ్ గ్లెంటోరన్‌కు తగిలింది. 1967లో బెల్‌ఫాస్ట్‌లో మహా జట్టు బెన్ఫికాను 1-1 దగ్గర ఆపారు. బెన్ఫికా గోల్ కూడా ఆట ముగియబోతుండగా ఆ జట్టు స్టార్ యుసేబియో కొట్టిందే. లిస్బన్ వెళ్లి అక్కడా 0-0తో నిలబడ్డారు. యుసేబియో ఉన్న జట్టు చేతిలో ఓడకుండానే టోర్నీ నుంచి పోయారు.

రెండు వైపులా ఒకే స్కోరు వస్తే ఈ సూత్రమూ చేతులెత్తేసేది. 1969లో గ్లాస్గోలో సెల్టిక్ 3-0, లిస్బన్‌లో బెన్ఫికా 3-0. ఇక మిగిలింది పాత నాణెమే. ఈసారి మైదానంలో కాదు, రిఫరీ గదిలో, తలుపులు మూసి. డచ్ రిఫరీ ఫాన్ రావెన్స్ ముందు నాణెం ఎవరు ఎగరేయాలో తేల్చడానికి ఒక టాస్, తర్వాత అసలు టాస్. రెండూ సెల్టిక్ కెప్టెన్ బిల్లీ మెక్‌నీల్‌వే. ఆ సీజన్లో సెల్టిక్ ఫైనల్ దాకా వెళ్లింది. టర్కీ జట్టు గలాటసరాయ్‌దైతే ఇంకో కథ. 1963లో జ్యూరిక్ మీద నాణెంతో ఓడింది. 1969లో స్పార్టాక్ ట్ర్నావా మీద నాణెంతోనే గెలిచింది. అప్పు తీరినట్టే అనుకోవాలి.

పెనాల్టీల ఆలోచన కూడా కడుపుమంటలోంచే వచ్చింది. 1968 మెక్సికో ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో ఇజ్రాయెల్, బల్గేరియా 1-1 అయితే లాటరీ తీశారు, ఇజ్రాయెల్ పోయింది. ఆ దేశపు యోసెఫ్ దగన్ అనే ఆయన ఐదేసి పెనాల్టీలు కొట్టిద్దామన్నాడు. 1969లో అదే దేశానికి చెందిన మైకేల్ అల్మోగ్ ఆ ప్రతిపాదనను ఫిఫాకు రాశాడు. 1970 జూన్‌లో ఆమోదం దొరికింది. సెప్టెంబర్ 30న కప్ విన్నర్స్ కప్‌లో అబర్డీన్ మీద 5-4 పెనాల్టీలతో నెగ్గింది ఎవరు? మళ్లీ హోన్‌వేద్. యూరోపియన్ కప్‌లో తొలి షూటౌట్ ఆ నవంబర్ 4న జరిగింది. అందులో ఎవర్టన్ 4-3తో బొరూసియా మొన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌ను పంపించింది.

కొత్త చట్టం వచ్చాక గుమాస్తాలు తడబడటం మామూలే. 1971లో కప్ విన్నర్స్ కప్‌లో, లిస్బన్‌లో జరిగిన రెండో మ్యాచ్‌తో అక్కడి స్పోర్టింగ్, స్కాట్లండ్ జట్టు రేంజర్స్ లెక్క 6-6కు చేరింది. రిఫరీ పెనాల్టీలు కొట్టమన్నాడు, రేంజర్స్ ఓడింది, స్పోర్టింగ్ అభిమానులు సంబరాల్లో మునిగారు. రూల్ బుక్ తిరగేస్తే తేలిందేమిటంటే, అదనపు సమయంలో కొట్టిన పరాయి గోల్‌కూ విలువ ఉంది, రేంజర్స్ ఎప్పుడో గెలిచేసింది. ఫలితాన్ని తిరగరాశారు. ఆ సీజన్ కప్పు కూడా చివరికి రేంజర్స్‌దే. ఇంతకీ ఆ రిఫరీ ఎవరనుకున్నారు? సెల్టిక్‌కు నాణెం ఎగరేసిన ఫాన్ రావెన్సే. ఊరూ అదే.

అవే గోల్స్ నిబంధన అర్ధశతాబ్దం దాటి బతికింది. దాని వెర్రి పరాకాష్ఠకు చేరింది 2003 చాంపియన్స్ లీగ్ సెమీస్‌లో. ఏసీ మిలాన్, ఇంటర్ మిలాన్ రెండింటిదీ ఒకే స్టేడియం, శాన్ సీరో. మొదటిది 0-0, రెండోది 1-1. రెండో మ్యాచ్‌లో కాగితం మీద ఇంటర్ ఆతిథేయి కాబట్టి మిలాన్ కొట్టింది పరాయి గోల్ అయింది. సొంతింట్లో కొట్టిన గోల్‌తో పరాయివాడిగా ఫైనల్‌కు పోయారు. అడ్డగోలు అనే మాట ఇంతకంటే ఎక్కడ అతుకుతుంది?

2021 జూన్‌లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య ఆ నిబంధనను తీసేసింది. సమాఖ్య చెప్పిన లెక్కల ప్రకారం 1970ల మధ్యలో సొంతగడ్డ గెలుపులు 61 శాతం, పరాయి గడ్డ గెలుపులు 19 శాతం. 2021 నాటికి అవి 47, 30. మైదానాలు బాగుపడ్డాయి, ప్రయాణాలు తేలికయ్యాయి, వీడియో చూసి రిఫరీకి సాయపడే వీఏఆర్ వచ్చింది. పరాయి గోల్‌కు ప్రత్యేక విలువ ఎందుకు? పైగా దాడి చేయించడానికి పుట్టిన సూత్రం చివరికి ఆతిథేయుల కాళ్లకే బంధం వేసింది. ఇంట్లో ఒక్కటి తింటే కొంప మునుగుతుందని డిఫెన్స్‌లో కూర్చునేవారు. తీసేయడం మంచిదే అయింది.

ఇప్పుడు మిగిలినవి అదనపు సమయం, పెనాల్టీలు. అందులోనూ ఫిర్యాదులు ఆగలేదు. 2025 మార్చి 12న చాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్‌తో షూటౌట్‌లో అట్లెటికో ఆటగాడు హులియన్ అల్వారెజ్ కాలు జారింది. బంతి వలలో పడ్డా, నిలబెట్టిన కాలు కూడా తగిలిందని వీఏఆర్ గోల్‌ను కొట్టేసింది. రియల్ 4-2తో గెలిచింది. మూడు నెలలు తిరక్కుండానే నిబంధనకు వివరణ వచ్చింది: పొరపాటున రెండుసార్లు తగిలి బంతి గోల్‌లో పడితే మళ్లీ కొట్టించాలి. గ్లెంటోరన్‌కు, ఇజ్రాయెల్‌కు లాగే అట్లెటికోకు కూడా ఆ రాత్రి తిరిగి రాదు.

మరి హోన్‌వేద్? 2017లో హంగరీ లీగ్ గెలిచింది, 2023లో రెండో డివిజన్‌కు జారిపోయింది. యూరోపియన్ కప్ ఒక్కసారీ గెలవలేదు.