వదిలే వేలు

నలభై రెండో ఏట గిటారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది నాకు. లండన్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక మాస్టారు క్లాసికల్ గిటారు చెబుతారు. మూడో నెలలో ఒకరోజు ఆయన, "స్వరాలు బాగానే పలుకుతున్నాయి. కానీ ఒక్కదాన్నీ వదలడం లేదు నువ్వు" అన్నారు. ఎదురుగా ఉన్న కాగితం మీద స్వరాల నెత్తిన చిన్న చుక్కలున్నాయి. దాన్ని స్టకాటో అంటారు. చుక్క పడ్డ స్వరం ఇంచుమించు సగం కాలమే పలకాలి, మిగతా సగం నిశ్శబ్దం. లయ మాత్రం కదలకూడదు.

నాకు అది ఎంతకీ చేతకాలేదు. కాకినాడలో మా అమ్మ బొబ్బిలి వీణ మీద పిల్లలకి పాఠాలు చెప్పేది. వీణలో ఒకసారి మీటి, తీగని మెట్టు మీద పక్కకి లాగి రెండు మూడు స్వరాలు పలికిస్తారు. గమకమంతా మీటాక మిగిలే నాదంలోనే ఉంటుంది. "అప్పుడే వదిలెయ్యకు, చివరిదాకా విను" అని అమ్మ ఎంతమందికి చెప్పిందో! ఆ మాట వింటూ పెరిగిన చెవి నాది.

పైగా ఒక అనుమానం. గిటారు స్వరం మీటిన క్షణం నుంచే సన్నగిల్లుతుంది. వయొలిన్‌లా కమానుతో నిలబెట్టలేం. ఎలాగూ పోయేదాన్ని ముందే ఆపడమెందుకు?

జవాబు ఫెర్నాండో సోర్ దగ్గర దొరికింది. 1778లో బార్సిలోనాలో పుట్టిన ఈయన 1830లో పారిస్‌లో గిటారు మీద ఒక పాఠ్యగ్రంథం వేశాడు. సోర్ ఒపెరాలు, బ్యాలేలు రాసినవాడు. గిటారుని చిన్న ఆర్కెస్ట్రాగా చూశాడు. దాని మీద కొమ్ముబూర, ట్రంపెట్, ఓబో ఎలా అనుకరించాలో కూడా రాశాడు. ఆర్కెస్ట్రాలో బాస్ వాయించేవాడు ఆగితే నిజంగా ఆగుతాడు. గిటారులో అలా కాదు. నొక్కకుండా మీటిన బాస్ తీగ, కింద స్వరాలు మారిపోయినా తన మానాన మోగుతూనే ఉంటుంది. అంతా కలిసి బురద! మా వృత్తిలో వాడిన మెమరీని వదలని ప్రోగ్రాం మొత్తం మెషీన్‌ని ఎలా నెమ్మది చేస్తుందో, ఇదీ అంతే.

నాదాన్ని అణచడానికి తాను కుడిచేతిని ఎప్పుడూ వాడలేదంటాడు సోర్. ఎడమచేతి వేలిని సరిగ్గా మెట్టు మీదే ఆనించి, మామూలు కన్నా తక్కువగా నొక్కుతాడు. మరీ తేలిక చేస్తే హార్మోనిక్ పలుకుతుంది. ఇది స్టకాటోకి దగ్గరి చుట్టం, అదే కాదు. స్టకాటోలో ముందు స్వరం నిండుగా పలకాలి, ఆ తరవాతే ఆగాలి. మా మాస్టారు చెప్పే పద్ధతిలో ఎడమచేతి వేలు తీగ మీద నుంచి లేవకుండా బిగువు మాత్రం సడలిస్తుంది. లేదా కుడిచేతి వేలు మళ్ళీ వచ్చి తీగ మీద వాలుతుంది. నొక్కని తీగకి ఈ రెండో దారే ఎక్కువ నమ్మకం. బాస్ తీగలైతే బొటనవేలి పని. మీటడం నాకు వారంలో వచ్చింది, ఆపడానికి ఆరు నెలలు పట్టింది.

సోర్ నాకు దగ్గరవాడనిపించడానికి ఇంకో కారణం ఉంది. మొదట ఫ్రెంచివాళ్ళకి వ్యతిరేకంగా దేశభక్తి పాటలు కట్టినవాడే, తరవాత వాళ్ళ ప్రభుత్వంలో ఉద్యోగం చేశాడు. 1813లో ఫ్రెంచివాళ్ళు స్పెయిన్ వదిలినప్పుడు తనూ వదిలాడు. మళ్ళీ ఆ నేల తొక్కలేదు. 1815 నుంచి కొన్నేళ్ళు ఇదే లండన్‌లో ఉన్నాడు. 1822లో ఇక్కడ ఆడిన ఆయన బ్యాలే 'సాండ్రియోన్' 1825లో మాస్కోలో బొల్షోయ్ థియేటర్ ప్రారంభోత్సవానికీ వెళ్ళింది.

పారిస్‌లో ఆయనకి డియోనిసియో అగువాడో అనే స్పెయిన్ మిత్రుడు దొరికాడు. అగువాడో గోళ్ళతో మీటేవాడు. సోర్‌కి గోళ్ళంటే గిట్టదు. అయినా ఇద్దరూ కలిసి వాయించడానికి 'ఇద్దరు మిత్రులు' అని ఒక జంట గిటారు రచన చేసి, ఎవరి భాగం మీద వాళ్ళ పేరు అచ్చు వేయించాడు. అగువాడో 1838లో మాడ్రిడ్ వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు సోర్ పారిస్‌లోనే పోయాడు.

కీళ్ళ నొప్పులతో అమ్మ ఇప్పుడు వీణ ముట్టడం లేదు. మొన్న ఆదివారం ఫోన్ బల్ల మీద నిలబెట్టి, ఆవిడకి సోర్ అభ్యాసం ఒకటి వాయించి వినిపించాను. చుక్కలన్నీ శుభ్రంగా పడ్డాయి. నా జన్మలో అంత బాగా వాయించలేదు. అయిపోయాక అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఒరే, మధ్యమధ్య ఆగిపోతోందేమిట్రా? లైను సరిగ్గా లేదా?" అంది అమ్మ.