డబ్బా పగిలిన నిజాం రూపాయి: మార్పించే ముందు తెలుసుకోవాల్సినవి

మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) మీదుగా వచ్చింది. ఆయన కాలపు చార్మినార్ వెండి రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు. బొమ్మలోని ద్వారంలో ‘మీమ్’ అక్షరం ఉంటే మహబూబ్ కాలంది, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది.

రీహోల్డర్ అంటే: అమెరికాలోని పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి కంపెనీలు నాణేన్ని పరీక్షించి, గ్రేడ్ ఇచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేస్తాయి. ఆ డబ్బా పగిలినా, గీతలు పడినా కొత్తది వేయించడమే రీహోల్డర్. దీంతో గ్రేడ్ పెరగదు.

ఖర్చు: నాణేనికి ఫీజు, ఆర్డర్‌కు హ్యాండ్లింగ్ చార్జీ, రానుపోను షిప్పింగ్, ఇన్సూరెన్స్. ఒక్క నాణెమే పంపితే ఈ భారమంతా దాని మీదే పడుతుంది.

అసలు ముప్పు: 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. పంపితే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా కూడా ఉంటాయి. ‘మీమ్’ నాణేలన్నీ వందేళ్లు దాటినవే. కొత్త డబ్బా కోసమైనా సరే, వాటిని కొరియర్‌లో వేయొద్దు. ‘ఐన్’ నాణెమైతే దాని మీది హిజ్రీ సంవత్సరాన్ని క్రీస్తు శకంలోకి మార్చి వయసు లెక్కేయాలి.

ఇంట్లో ఏం చేయాలి: డబ్బాను సుత్తితో పగలగొట్టొద్దు. నాణేనికి గీత పడొచ్చు, కంపెనీ గ్యారంటీ కూడా పోతుంది. తుడవడం, చింతపండుతో తోమడం అసలే వద్దు. లేబుల్ నంబర్ కనిపించేలా ఫోటో తీసి, డబ్బాను పీవీసీ లేని కవర్లో పెట్టి, తేమ తగలని చోట దాచండి.