వెట్టి మానిన ఊళ్లు

నేటి జనగామ జిల్లాలోని కడవెండి, విస్నూరు, పాలకుర్తి గ్రామాల చరిత్రను సాధారణంగా భూపోరాట చరిత్రగానే రాస్తూ వచ్చినా, భూమి పంపకాలకు ముందు అక్కడి జనం చేసిన మొదటి పని పని మానడమే కనుక, ఆ ఘట్టానికి కార్మికుల సమ్మెల చరిత్రలోనూ చోటు దక్కవలసి ఉంది. నిజాం పాలనలో ఈ ఊళ్లు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేవి. దేశ్‌ముఖ్ అంటే ఒకప్పుడు శిస్తు వసూలు హక్కును వంశపారంపర్యంగా అనుభవించి, క్రమంగా వేల ఎకరాలకు యజమాని అయిన దొర. ఆయన కోటలాంటి ఇల్లే గడి. ఆ గడికి ఊరిలోని కులాలు కూలి లేకుండా చేయవలసిన చాకిరీయే వెట్టి.

చాకలివారు బట్టలుతకడంతోపాటు దొర ఇంటి ఆడవారి మేనాలు మోయాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగలు చెప్పులు కుట్టి, కబుర్లు మోసి, కట్టెలు కొట్టాలి, గొల్లలు గొర్రెలు అప్పగించాలి, రైతు సైతం దొర పొలం దున్ని, నీళ్లు పారించిన తరువాతనే తన చేను వంక చూడాలి. దీనికి తోడు బగేలా ఉండేది: తండ్రి తీసుకున్న కొద్దిపాటి అప్పు కింద కొడుకు కూడా జీతగాడిగా ఉండిపోయే కట్టుబాటు అది.

ఈ ఊళ్లు వెట్టి మానిన కాలంలోనే, పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల చెరకు తోటల్లో ఫిలిప్పీన్స్ నుంచి వలస వచ్చిన కూలీలు, జపాను సంతతి కూలీలతో కలిసి 1946 సెప్టెంబరు 1న సమ్మెకు దిగి 79 రోజులు నిలబడ్డారు. ఆ ఏడాదే యజమానులు కొత్తగా తెప్పించిన సుమారు 6,000 మంది ఫిలిప్పీనీలను కార్మిక సంఘం తనలో చేర్చుకోవడంతో, ఒక జాతి సమ్మెను మరో జాతి కూలీలతో విరిచే పాత ఎత్తు ఈసారి పారలేదు. తోటకూలీకి తక్కువదైనా కూలి ఉండేది, దానిని పెంచమని అడిగే వీలుండేది. వెట్టివానికి పెంచమనడానికి కూలి అన్నదే లేదు, ఆపగలిగినది తన చాకిరీని మాత్రమే. అదీ ఒక కులం ఒంటరిగా ఆపితే గడి దానిని తేలికగా అణచగలదు. అందుకే చాకలి, మాదిగ, గొల్ల, రైతు ఒక్కమాట మీద నిలవడం అన్నిటికన్నా కష్టమైన పని, అన్నిటికన్నా గొప్ప పని కూడా. జనం సంఘమని పిలుచుకున్న ఆంధ్రమహాసభ ఆ ఐక్యతను సాధించింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పొలం పంటను దేశ్‌ముఖ్ మనుషుల పాలు కానీయకుండా సంఘం కార్యకర్తలు ఆమె ఇంటికి చేర్చిన ఘటన జనానికి ధైర్యాన్నిచ్చింది.

1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా సాగుతున్న జనంపై విస్నూరు దేశ్‌ముఖ్ గూండాలు కాల్పులు జరపగా సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే నేలకొరిగాడు. భయపెట్టడానికి పేల్చిన ఆ తూటా ఫలితం తలకిందులైంది: ఒక ఊరి జనం ఎర్రజెండాలతో పక్క ఊరికి నడిచి వెళ్లి, ఇకమీదట వెట్టి చేయబోమని సభలలో ప్రకటించగా, ఆ కదలిక కొద్ది వారాలలోనే నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో వందల ఊళ్లకు, నేటి మహబూబాబాద్ ప్రాంతానికి కూడా పాకింది. తరువాత సాయుధ పోరాటంగా మారి 1951 అక్టోబరు దాకా సాగిన ఉద్యమానికి ఈ పని మానడమే పునాది. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యంపై భారత ప్రభుత్వం జరిపిన సైనిక చర్య తరువాత, పారిపోయిన దొరలు తిరిగి వచ్చి చాలా భూములను వెనక్కి గుంజుకున్నారు గాని, పోరాటం బలంగా సాగిన ఊళ్లలో పాత తీరు వెట్టిని మళ్లీ నిలబెట్టలేకపోయారు.