బిట్‌కనెక్ట్: సూరత్ కేంద్రంగా క్రిప్టో గొలుసుకట్టు మోసం

బిట్‌కనెక్ట్ 2016 నవంబరు నుంచి 2018 జనవరి వరకు ఇంటర్నెట్‌లో నడిచిన క్రిప్టో పెట్టుబడి పథకం. గుజరాత్‌లోని సూరత్‌కు చెందిన సతీశ్ కుంభాణీ దీని వ్యవస్థాపకుడని అమెరికా, భారత దర్యాప్తు సంస్థలు రెండూ పేర్కొన్నాయి. ప్రపంచవ్యాప్తంగా మదుపరులు 240 కోట్ల డాలర్ల మేరకు మోసపోయారని అమెరికా న్యాయశాఖ లెక్కగట్టింది. క్రిప్టో చరిత్రలో ఇంతకంటే పెద్ద మోసాలు తర్వాత వచ్చాయి గానీ, చేర్పింపు సందేశాలే పెట్టుబడిగా ఒక పథకం ఎంత ఎత్తుకు ఎదగగలదో, ఆ సందేశాలను అడ్డుకోవలసినవాళ్లు ఎంత ఆలస్యంగా కదులుతారో ఇంత స్పష్టంగా చూపిన ఉదంతం మరొకటి కనబడదు.

పథకం నడిచిన తీరు

చేరదలచినవారు ముందు బిట్‌కాయిన్ కొని సంస్థకు పంపాలి. బదులుగా బీసీసీ అనే సంస్థ సొంత నాణెం చేతికొస్తుంది. ఆ నాణేలను తిరిగి సంస్థకే అప్పుగా ఇవ్వాలి. అప్పు మొత్తాన్ని బట్టి 120 నుంచి 299 రోజుల వరకు అసలు బిగిసిపోతుంది. వడ్డీ మాత్రం ఏ రోజుకారోజు ఖాతాలో పడుతుంది. 'ట్రేడింగ్ బాట్', 'వొలటిలిటీ సాఫ్ట్‌వేర్' అనే పేర్లతో చెప్పుకున్న కంప్యూటర్ ప్రోగ్రాము బిట్‌కాయిన్ ధరల ఎగుడుదిగుళ్ల మీద లాభం తీసి ఈ వడ్డీ చెల్లిస్తుందని ప్రచారం.

ఆశ పెట్టిన ప్రతిఫలం నెలకు నూటికి నలభై దాకా. తెలుగు ఊళ్లలో నెలకు నూటికి రెండు రూపాయలంటే మామూలు వడ్డీ, నూటికి ఐదంటే పీల్చే వడ్డీ. సగటున రోజుకు ఒక శాతం వస్తుందని సంస్థ చూపిన లెక్కను వడ్డీ మీద వడ్డీగా వేసుకుంటే ఏడాదిలో వెయ్యి డాలర్లు 37 వేల డాలర్లు దాటాలి. ఏ వ్యాపారమూ అలా పెరగదని చెప్పడానికి క్రిప్టో పరిజ్ఞానం అక్కర్లేదు, కూడికలు, హెచ్చవేతలు చాలు. ఎథీరియం సృష్టికర్తల్లో ఒకరైన విటాలిక్ బుటేరిన్ 2017 నవంబరులోనే, రోజుకు ఒక శాతం ఇస్తామంటున్నది నిజమైతే అది పాంజీ పథకమేనని బహిరంగంగా అన్నారు. అమెరికా దర్యాప్తు తేల్చింది కూడా అదే. పాతవారికి ఇచ్చినది కొత్తవారు తెచ్చిన సొమ్ము.

అయినా బీసీసీ ధర పెరుగుతూనే పోయింది. తొలి అమ్మకంలో డాలరులో ఐదో వంతు కూడా లేని నాణెం 2017 డిసెంబరుకు 460 డాలర్లు దాటింది. చెలామణిలో ఉన్న నాణేల మొత్తం విలువ ఒక దశలో 340 కోట్ల డాలర్లకు చేరింది. వడ్డీ కోసం కొత్తవారు నాణెం కొనక తప్పదు. కొంటున్న కొద్దీ ధర పెరుగుతుంది. పెరుగుతున్న ధరే పథకం గట్టిదనడానికి రుజువుగా చెలామణి అయింది. ధరను కృత్రిమంగా ఎగదోశారన్నది కుంభాణీ మీద అమెరికా మోపిన అభియోగాల్లో ఒకటి.

చేర్పింపులు

చేరిన ప్రతి ఒక్కరికీ సొంత లింకు ఇచ్చేవారు. దాని ద్వారా మరొకరు చేరితే కమిషన్, ఆ చేరినవారు ఇంకొకరిని తెస్తే అంచెలవారీగా మళ్లీ కమిషన్. దాంతో మదుపరికీ ప్రచారకుడికీ మధ్య గీత చెరిగిపోయింది. తన డబ్బు భద్రంగా ఉండాలంటే కింద మనుషులు చేరుతూ ఉండాలి. అందుకే ఆ లింకులు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో, యూట్యూబ్ వీడియోల కింద, బంధువుల ఫోన్లలో రోజుకు పదిసార్లు కనబడేవి. పంపినవారిలో ఎక్కువమంది దాన్ని మోసమని తెలిసి పంపలేదు. తమ ఖాతాలో అంకె పెరుగుతుంటే కళ్లారా చూస్తూ, అయినవాళ్లకు మేలు చేస్తున్నామని నమ్మి పంపారు. ఈ మోసంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. డబ్బుతో పాటు చుట్టరికాలూ పోయాయి.

పై అంచెల్లో ఉన్నవారి సంగతి వేరు. ఉత్తర అమెరికా ప్రచారకుల జాలానికి నాయకుడైన లాస్ ఏంజెలెస్ వాసి గ్లెన్ ఆర్కారో, చేరిన సొమ్ములో 15 శాతం దాకా తనకు ముట్టేదని, మొత్తం మీద 2 కోట్ల 40 లక్షల డాలర్లకు తగ్గకుండా సంపాదించానని కోర్టులో ఒప్పుకున్నాడు. 2017 అక్టోబరులో థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో సంస్థ ఆర్భాటంగా వేడుక జరిపింది. ఒక ప్రచారకుడు వేదిక మీద సంస్థ పేరును గొంతు చించుకుని అరిచిన వీడియో తర్వాత ప్రపంచమంతటా నవ్వులాటగా తిరిగింది. పోయిన సొమ్ము సంగతి ఆ నవ్వుల్లో మరుగున పడింది.

సూరత్ నేపథ్యం

సూరత్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి తరలివెళ్లిన నేత కుటుంబాలు అక్కడి పవర్‌లూమ్‌లలో తరాలుగా పనిచేస్తున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. అయితే ఊరికి పేరు తెచ్చినవి వజ్రాల సాన, సింథటిక్ బట్ట. వజ్రాల వ్యాపారంలో సౌరాష్ట్ర నుంచి, ముఖ్యంగా అమ్రేలి, భావ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలదే పైచేయి. అక్కడ విలువైన రాళ్లు జాంగడ్ అనే చిన్న చీటీ మీద చేతులు మారుతాయి. సొమ్ము, సరుకు అంగడియాలనే కొరియర్ల ద్వారా ఊళ్లు దాటుతాయి. ఈ లావాదేవీలన్నిటికీ ఆధారం మనిషి మాట, కులం, ఊరు, చుట్టరికం. తెలిసినవాడు చెప్పాడంటే కాగితం అడగని ఈ అలవాటు వ్యాపారానికి ఎంత బలమో గొలుసుకట్టు పథకానికీ అంతే బలం. దగ్గరివాడు పంపిన లింకును అనుమానించడం అతణ్ని అవమానించడమే అవుతుంది.

కాలం కూడా కలిసొచ్చింది. పెద్ద నోట్ల రద్దు 2016 నవంబరు 8న వచ్చింది. బిట్‌కనెక్ట్ నాణేల అమ్మకం అదే నెలలో మొదలైంది. నగదు మీద నడిచే ఊరు నగదు చూసి భయపడుతున్న రోజులవి.

హెచ్చరికలు, మూత

వర్చువల్ కరెన్సీల ముప్పు గురించి రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరులో, 2017 ఫిబ్రవరిలో, మళ్లీ అదే ఏడాది డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది. 2017 డిసెంబరు 29న ఆర్థిక మంత్రిత్వ శాఖ వీటిని పాంజీ పథకాలతో పోల్చింది. ఇవన్నీ పత్రికా ప్రకటనలు. ఏ పథకం పేరూ వాటిలో లేదు, ఎవరి ప్రచారాన్నీ అవి ఆపలేదు. బ్రిటన్‌లో కంపెనీల రిజిస్ట్రార్ 2017 నవంబరులో బిట్‌కనెక్ట్ పేరును రిజిస్టరు నుంచి కొట్టివేస్తామని నోటీసు ఇచ్చారు.

గట్టి దెబ్బ కొట్టింది రెండు అమెరికా రాష్ట్రాల అధికారులు. 2018 జనవరి తొలి రోజుల్లో టెక్సస్ సెక్యూరిటీస్ బోర్డు, తర్వాత కొద్ది రోజులకే నార్త్ కరోలినా, అమ్మకాలు తక్షణం నిలిపివేయమని ఆదేశించాయి. జనవరి 16న సంస్థ అప్పుల పథకాన్ని మూసేసింది. పత్రికల్లో చెడ్డ ప్రచారం, ఈ ఆదేశాలు, వెబ్‌సైటు మీద దాడులు అని కారణాలు చెప్పింది. మదుపరుల బాకీని బిట్‌కాయిన్‌లో తీర్చలేదు. ఒక్కో నాణేన్ని సుమారు 363 డాలర్లుగా కట్టి బీసీసీలోనే తీర్చింది. ఆ నాణేలు ఖాతాల్లోకి చేరేసరికే ధర 90 శాతానికి పైగా పడిపోయింది. కాగితం మీద అప్పు తీరింది, చేతిలో ఏమీ మిగల్లేదు.

ఫేస్‌బుక్ క్రిప్టో ప్రకటనలను నిషేధించింది 2018 జనవరి 30న, అంటే పథకం మూతపడిన రెండు వారాలకు. గూగుల్ మార్చిలో ప్రకటించి జూన్‌లో అమలు చేసింది. పైగా ఈ నిషేధాలు డబ్బిచ్చి వేయించుకునే ప్రకటనలకే. బిట్‌కనెక్ట్ వ్యాపించినది ప్రధానంగా మదుపరులే ఊరికే పంచుకున్న లింకులతో, వీడియోలతో. ఆ దారి తెరిచే ఉంది.

అపహరణలు

నియమం లేనిచోట బలం తీర్పు చెబుతుంది. సూరత్‌లో డబ్బు పోగొట్టుకున్నవారిలో కొందరు ఫిర్యాదు చేయడానికే జంకారు. లెక్కలో లేని సొమ్ము పెట్టినవాడు పోలీసు స్టేషను మెట్లెక్కి ఏమని చెబుతాడు? పథకం మూతపడిన కొద్ది వారాలకే వసూళ్ల పర్వం మొదలైంది.

సూరత్‌కు చెందిన ఒక బిల్డర్, తనను 2018 ఫిబ్రవరిలో గాంధీనగర్ సమీపం నుంచి అమ్రేలి పోలీసులు ఎత్తుకెళ్లి 200 బిట్‌కాయిన్లు గుంజుకున్నారని ఫిర్యాదు చేశాడు. గుజరాత్ సీఐడీ క్రైమ్ విభాగం తవ్వుతూ పోగా ఆ బిల్డరే అంతకుముందు కుంభాణీ మనుషులిద్దరిని అపహరింపజేసి 2,091 బిట్‌కాయిన్లు, 11,000 లైట్‌కాయిన్లు, 14.50 కోట్ల రూపాయల నగదు వసూలు చేశాడన్న ఆరోపణ బయటపడింది. ఆ కేసులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) 2024 ఆగస్టులో అతణ్ని అరెస్టు చేసింది.

పోలీసుల మీది కేసు తీర్పుకు ఏడేళ్లు పట్టింది. 2025 ఆగస్టు 29న అహ్మదాబాద్‌లోని ప్రత్యేక కోర్టు అప్పటి అమ్రేలి ఎస్పీ జగదీశ్ పటేల్, మాజీ ఎమ్మెల్యే నళిన్ కోటడియా సహా 14 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. వారిలో ఎక్కువమంది పోలీసులే. మోసాన్ని పట్టుకోవలసిన చేతులే మోసపు సొమ్ము కోసం చాచాయంటే, బ్యాంకు ఖాతా లేకుండా ఫోనులోంచి కోట్లు బదిలీ చేయించుకోగల ఈ కొత్త సంపద ఎంతటి ప్రలోభమో తెలుస్తుంది.

దర్యాప్తులు, శిక్షలు

బిట్‌కనెక్ట్ ఆసియా విభాగానికి అధిపతిగా పోలీసులు పేర్కొన్న దివ్యేశ్ దర్జీని 2018 ఆగస్టులో దుబాయ్ నుంచి వస్తుండగా ఢిల్లీ విమానాశ్రయంలో పట్టుకున్నారు. సూరత్ సీఐడీ క్రైమ్ స్టేషనులో నమోదైన కేసుల ఆధారంగా ఈడీ మనీ లాండరింగ్ దర్యాప్తు చేపట్టింది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లో సోదాలు జరిపి 1,646 కోట్ల రూపాయల విలువైన క్రిప్టో కరెన్సీని స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించింది. దొంగచాటుగా ఎన్నో డిజిటల్ వాలెట్లలో తిప్పగా, జాడ పట్టుకుంటూ పోయి చేరుకున్న సొమ్ము అది.

అమెరికాలో ఆర్కారో 2021 సెప్టెంబరులో నేరం ఒప్పుకున్నాడు. ఏడాది తర్వాత 38 నెలల జైలు శిక్ష పడింది. అతని నుంచి జప్తు చేసిన క్రిప్టో అమ్మగా 5 కోట్ల 60 లక్షల డాలర్లు వచ్చాయి. 2023 జనవరిలో శాన్ డియాగో కోర్టు 40కి పైగా దేశాలకు చెందిన సుమారు 800 మంది బాధితులకు 1 కోటి 70 లక్షల డాలర్లు చెల్లించమని ఆదేశించింది. కుంభాణీపై 2022 ఫిబ్రవరిలో అభియోగాలు నమోదయ్యాయి. అన్నీ రుజువైతే గరిష్ఠ శిక్ష 70 ఏళ్లు. అతడు భారత్ విడిచి తెలియని చోటికి వెళ్లి ఉంటాడని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ అదే నెలలో కోర్టుకు తెలిపింది.

ప్రచారానికి కళ్లెం

అసలు మోసగాడితో పాటు దాన్ని చాటింపు వేసినవాడికీ బాధ్యత ఉంటుందా అన్న ప్రశ్నకు ఈ ఉదంతం అమెరికాలో ఒక జవాబు ఇప్పించింది. 2021 మేలో సెక్యూరిటీస్ కమిషన్ ఐదుగురు ప్రచారకులపై దావా వేసింది. 2022 ఫిబ్రవరిలో మరో కేసులో పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఒక వ్యక్తికి విడిగా చెప్పకపోయినా సరే, లోకమంతా చూసేలా వీడియో పెట్టి కొనమని ప్రోత్సహించడం కూడా చట్టం దృష్టిలో అమ్మజూపడమేనని తీర్పు ఇచ్చింది. వెయ్యి మందికి చెప్పాను గనుక ఎవరికీ చెప్పనట్టేనన్న వాదన అక్కడితో చెల్లకుండా పోయింది.

మన దేశంలో మనుషుల్ని చేర్పించి డబ్బు తిప్పే పథకాలను 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టమే నేరంగా ప్రకటించింది. హైదరాబాద్‌లో 2019లో క్యూనెట్ అనే గొలుసుకట్టు వ్యాపార సంస్థ మీద సైబరాబాద్ పోలీసులు పెట్టిన కేసుల వల్ల ఆ చట్టం తెలుగువారికి మళ్లీ పరిచయమైంది. అదే ఏడాది అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం వచ్చింది. ప్రకటనల ప్రమాణాల మండలి నియమం ప్రకారం 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో ప్రకటనల్లో, ఇవి నియంత్రణలో లేవని, నష్టపోతే చట్టపరమైన దారి ఉండకపోవచ్చని స్పష్టంగా చెప్పాలి. 2023 మార్చిలో క్రిప్టో ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ చట్టం పరిధిలోకి తెచ్చారు. వరుసలో చూస్తే ఇవి మంచి నియమాలే. కుటుంబ గ్రూపులో మేనమామ పంపిన లింకు మాత్రం వీటిలో దేనికీ అందదు. దాన్ని ఆపగలిగింది ఆ గ్రూపు నడిపేవారే.

ఈడీ స్వాధీనం చేసుకున్న ఆస్తులను హక్కుదారులకు తిరిగి ఇప్పించే వీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టంలో ఉంది. దానికి తాము పెట్టుబడి పెట్టినట్టు రుజువు చూపాలి. బిట్‌కాయిన్ పంపినవారికి బ్లాక్‌చెయిన్‌లో లావాదేవీ గుర్తు మిగిలి ఉంటుంది. తెలిసినవాడి చేతికి నగదు ఇచ్చి చేరినవారికి రసీదు లేదు. అలాంటివారి దగ్గర ఫోన్లో చెరపకుండా ఉంచుకున్న ఆ చేర్పింపు సందేశాలే సాక్ష్యాలు.